నాకొక్కదానికే సూది

నలభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో ఇంట్లో కనిపించిన కాగితమల్లా చదివేదాన్ని. అలా ఒకరోజు ట్రంకుపెట్టె అడుగున ఆస్పత్రి చీటీ దొరికింది. అంతకు రెండేళ్ల ముందు అరచేతుల నిండా ఎర్రమచ్చలొస్తే జడ్చర్ల ఆస్పత్రికి వెళ్లాను. రక్తం చూసి, సుఖవ్యాధి అని చెప్పి, సూది వేసి ఇచ్చిన చీటీ అది. 'మూడు నెలలకు మళ్లీ పరీక్ష. భర్తకూ పరీక్ష చేయించాలి' అని ఉంది. నర్సమ్మ నోటితోనూ చెప్పే ఉంటుంది. ఆ రోజు భయంతో నా చెవికి ఏదీ ఎక్కలేదు. మచ్చలు పోయాయి, చీటీ దాచాను, అంతే.

మర్నాడే పోయి పరీక్షకు రక్తమిచ్చాను. రోగం మళ్లీ ఉంది. ఒంట్లో మాత్రం ఏ బాధా లేదు.

"బాధ లేకున్నా ఉంటదమ్మా, అందుకే మళ్ల మళ్ల చూపించుకోవాలె. మీ ఆయన సూది తీసుకోకుంటే నీకు మళ్ల అంటుకుంటది. అప్పటిదాక దూరముండు" అంది నర్సమ్మ.

దూరం ఎక్కడుండాలి? మాది ఒకటే గది. అందులోనే అత్తమ్మ మంచం. నా చాప గోడవైపు జరిపిన తెల్లారే ఆమె అడిగింది: "ఏందే, మొగడు చేదైండా?" పుట్టింటికి పోతే అన్నలు కారణం అడుగుతారు. చెబితే మచ్చ నా మీదే పడుతుంది. ఏడాదిలో సగం రోజులు గొర్రెలతో అమ్రాబాద్ అడవి దిక్కు తిరిగే ఆయన మీద పడదు.

ఆయనను దొడ్డిలో పట్టుకున్నాను. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగిస్తున్నాడు. నేను ఒక్కోదాని మూతి పట్టుకుంటూ విషయం చెప్పాను.

"నాకేం రోగమే? ఎద్దులెక్కున్న."

"గొర్రెలన్ని పారుకుంటున్నయా? నాలుగు పారుకుంటే అన్నిటికి తాపుతున్నవ్."

"ఒక్కదాన్ని ఇడిసిపెట్టినా మందకంత మళ్ల అంటుకుంటదే, గది తెల్వదా..."

అక్కడ ఆగిపోయాడు. తర్వాతి గొర్రెను తనే పట్టుకున్నాడు.

మూడో రోజు నాతోపాటు జడ్చర్ల బస్సెక్కాడు. నేనెవరో తెలియనట్టు ముందు సీట్లో కూర్చున్నాడు. ఇద్దరికీ సూదులయ్యాయి. మూడు నెలలకు మళ్లీ చూపించుకుంటే తగ్గుముఖం పట్టిందన్నారు.

ఎండాకాలం మంద మళ్లీ అడవికి పోయింది. వానలకు ఆయన తిరిగొచ్చాక, "రేపు రక్తమిచ్చొద్దాం" అన్నాను.

"మళ్లనా? నన్ను నమ్మవా?"

"నమ్ముడు గాదయ్యా. జర చూపించుకుందాం."

రానన్నాడు. అప్పటి నుంచి ఒక ఏడు వస్తాడు, ఒక ఏడు రాడు. ఆయన అడవి నుంచి వచ్చిన ప్రతిసారీ నేను మాత్రం పోతాను. ఫలితం ఏదైనా సాయంత్రానికి ఆ గదికే తిరిగి రావాలి.

"ఈసారి కూడ ఆయన రాలేదా?" మొన్న కూడా అడిగింది నర్సమ్మ.

"రాలే. నాదైతే చూడు" అని చేయి చాపాను.