తిమ్మరాయప్ప కూల్చని ఇల్లు

అప్పుడే అలికిన నేల వాసన తగిలితే పండగ గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం కాళ్ళ కింద నేల జారుతుంది. పోయిన నెల హోసూరులో ఒక సీమంతానికి వెళ్ళాను. పెరడంతా పేడతో అలికి, ముగ్గులు పెట్టి, వరసగా విస్తర్లు వేశారు. ఆ వాసనకు నా మనసు ఎటో పోతుండగా, కూరగాయలు దించడానికి వచ్చిన టెంపో డ్రైవరు, ముప్పై దాటిన మనిషి, పక్కవాళ్ళకు కథ చెబుతున్నాడు. “మాది జవళగిరి పక్కన. మా అవ్వ ఇల్లుండె ఆడ. హోసూరు నుంచి ప్లాను గీసే తిమ్మరాయప్పంట, వొచ్చి నిలువునా పడగొట్టించేసినాడు. ముసల్దాని ఉసురు ఊరికే పోతాదా? ఆయప్ప లైసెన్సు ఊడిపోయింది.” విన్నవాళ్ళు అయ్యో అన్నారు. నేను విస్తరి ముందు నుంచి లేచాను.

“నువ్వు బసప్ప కొడుకువా?”

“అవునమ్మా, మాదేశు నా పేరు. మీకెట్ల తెలుసు?”

తెలుసు. ఆ ఇంటి గోడలకు టేపు పట్టినది నేనే.

ఈ కథను జవళగిరి దారిలో ఎవరినడిగినా ఇలాగే చెబుతారు. ఇల్లు కూలిన మాట నిజం, లైసెన్సు పోయిన మాట నిజం. ఆ రెంటినీ కలిపి కట్టిన ముడి ఉంది చూశారూ, అది అబద్ధం. తిమ్మరాయప్పగారు ఆ ఇంటిని కూల్చలేదు, కూల్చమని చెప్పలేదు. ఆయన అన్నది ఒక్క మాట. ఆయనను ఎన్నడూ చూడనివాళ్ళు ఆయన మీద తీర్పు చెబుతుంటే ఊరుకునే నోరు కాదు నాది.

నేను కృష్ణగిరిలో బి.ఎ. ముగించుకుని, ఇంటికొచ్చి, నాన్నతో వాదించడమే ఉద్యోగంగా పెట్టుకున్న రోజులవి. డెబ్బైలు చివరికి వచ్చాయి. హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, చేలల్లో సున్నపు గీతలు పడుతున్నాయి. తిమ్మరాయప్పగారికి బస్టాండు వెనక సందులో ఒక గది ఉండేది. ఇళ్ళకు ప్లాన్లు గీసి, అనుమతులు తెప్పించి పెట్టడం ఆయన పని. దరఖాస్తులు రాసేందుకు చదువుకున్న మనిషి కావాలన్నారట. నా పోరు పడలేక నాన్న నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఆయన ముక్కుపొడుం డబ్బీ తెరుస్తూ, తల ఎత్తకుండానే అడిగారు.

“ఇల్లంటే ఏందమ్మా?”

“లోపలికి పోయేదానికి ఒక వాకిలి, బయటికి పోతామంటే అడ్డం నిలబడేదానికి ఒక నాయన.”

నాన్న మొహం మాడిపోయింది. తిమ్మరాయప్పగారు పొడుమంతా బల్ల మీద ఒలికేదాకా నవ్వారు. “రేపట్నించి రామ్మా. ఆఫీసుల్లో వాదించి వాదించి నా గొంతు పోయింది. ఇంక నీ గొంతు పోనీ.”

ఆ గదిలోనే నేను మనిషినయ్యాను. ఆయన నన్ను పొగిడింది లేదు. నేను వాదిస్తే విని, నాకంటే గట్టిగా వాదించి, ఓడిపోతే మాత్రం ఒప్పుకుని తన మాట మార్చుకునేవారు. ఒక్క విషయంలో ఓడేవారు కారు. ఒకసారి ఎరువుల అంగడివాడు ఒకడు వచ్చి, తన పాత ఇంటి కొలతల్లో లేని గది ఒకటి కలపమని బతిమాలాడు. పాత ఇల్లు ఎంత పెద్దదైతే కొత్తది అంత పెద్దది కట్టుకోవచ్చు కదా, అదీ అతడి ఆశ. “ఒక్క గీత కదప్పా, గీస్తే నీ పెన్సిలు అరిగిపోతాదా?” అన్నాడు. “గీతకేమప్పా, ఎంత దూరమైనా పోతాది. ఆ గదిలో రేపు నువ్వు పండుకుని చూపించు, గీస్తాను,” అన్నారు ఈయన. అతడు తిట్టుకుంటూ పోయాక నా వైపు తిరిగి, “అంగుళం అబద్ధం రాస్తే ఆ గోడ ఒకనాడు మన మీదే పడతాదమ్మా,” అన్నారు. నీతివాక్యాలంటే నాకు ఒళ్ళుమంట. “పడేదాకా చూద్దాం సార్,” అన్నాను. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకేం తెలుసు!

మాదమ్మ మా గదికి వచ్చింది తర్వాతి వేసవిలో. వాళ్ళు గొర్రెలు కాచుకునే మనుషులు. జవళగిరికి అవతల, అడవి అంచున, వాళ్ళ చేని పక్కనే ఆమె మామగారు కట్టిన ఇల్లు ఉంది. వానలు లేక, మేత లేక మందను అమ్ముకుని కొడుకూ కోడలితో హోసూరుకు వచ్చేశారు. కొడుకు బసప్ప ఫ్యాక్టరీలు కట్టే కాంట్రాక్టరు దగ్గర కూలికి పోతున్నాడు. ఇటుక బట్టీ పక్కన రేకుల గుడిసెలో కాపురం. ఇప్పుడు మళ్ళీ నాలుగు గొర్రెలు కొనుక్కుని వెనక్కు పోదామంటే ఇంటి పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. గోడలు మాత్రం ఉన్నాయి.

“ఆ పాడిల్లు...” అని నేను మొదలుపెట్టాను.

“పాడిల్లంట!” తిమ్మరాయప్పగారు నా మాట విరిచేశారు. “ఖాళీ ఇల్లు అను. పాడు అంటే ఆఫీసులో దాన్ని పాతిపెడతారు.”

ఆయన కసురుకోవడానికి కారణం ఉంది. అడవి అంచున కొత్త ఇంటికి అనుమతి ఇవ్వరు. పాత ఇల్లు ఉంటే దాని చోటులోనే, దాని కొలతలోనే తిరిగి కట్టుకోవచ్చు. అయితే అధికారి చూడటానికి వచ్చిన రోజున అది ఇల్లులా నిలబడి కనబడాలి. గోడలుండాలి, వాకిలుండాలి. సొంతదారు తానే పడగొట్టుకుంటే ఇల్లు వదులుకున్నట్టే లెక్క. నేలమట్టమైనది ఇల్లు కాదు, వట్టి నేల. వట్టి నేల మీద ఆ అంచున ఇక ఎన్నటికీ ఏమీ లేవదు. మాదమ్మకు తిరిగి పోయే చోటు ఉంటుందా, రేకుల కిందే ముగుస్తుందా అన్నది ఆ మట్టిగోడల మీద ఆధారపడి ఉంది.

మేమిద్దరం వెళ్ళి కొలిచాం. తలకంటే ఎత్తైన ముళ్ళకంప ఇంటిని మింగేసి ఉంది. దాన్ని తొలుచుకుని లోపలికి పోతే గోడలు నిక్షేపంగా ఉన్నాయి. మాదమ్మ పొయ్యి ఉన్న మూల మసి కూడా చెదరలేదు. తిమ్మరాయప్పగారు గోడను అరచేత్తో చరిచి, “ఇది మనల్నిద్దర్నీ సాగనంపి నిలబడతాది,” అన్నారు. తిరిగి వచ్చాక బసప్పకు చెప్పారు. “వచ్చే వారం ఆఫీసరు వస్తాడప్పా. ఆయప్ప కంపలో దూరడు. అంతా క్లీన్ చేసి పెట్టండి.”

అదీ ఆ ఒక్క మాట. క్లీన్.

కంప కొట్టి గోడలు కనిపించేలా చేయండి అని ఆయన ఉద్దేశం. నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. మీరూ అలాగే అర్థం చేసుకుంటారు. కాని బసప్ప ఆ మాట నేర్చుకున్నది మా గదిలో కాదు, కాంట్రాక్టరు దగ్గర. అక్కడ మేస్త్రి “సైటు క్లీన్ చేయండ్రా” అంటే చెట్టూ పుట్టా, పాత గోడా పునాదీ అన్నీ తీసి నేల చదును చేయమని అర్థం. కొత్తది లేవాలంటే ముందు క్లీన్ కావాలి. రోజూ అతడు చేస్తున్న పని అదే.

అధికారితో జీపు దిగిన రోజు మబ్బు పట్టి ఉంది. ముందుగా నాకు తగిలింది ఆ వాసన. అలికిన నేల వాసన. కంప లేదు. గోడలు లేవు. పొయ్యి మూల లేదు. ఇల్లున్న చోటంతా అద్దంలా నున్నగా అలికి ఉంది. నడుమ పెద్ద ముగ్గు, ముగ్గు మీద గుమ్మడిపువ్వు. పసుపు రాసిన వాకిలి చెక్కలు ఒక పక్క రాయికి ఆనించి ఉన్నాయి. బసప్ప అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“సార్, మీరు చెప్పినట్లే క్లీన్ చేసేసినాము! మా అమ్మ, నేను, నా పెండ్లాము, ముగ్గురమే. ఒక్క రాయి మిగలనియ్యలేదు.”

అధికారి చుట్టూ చూసి తమిళంలో అడిగాడు, పాత ఇల్లు ఏదీ అని. మాదమ్మ నీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది. “ఈడే సామీ! మీ కాళ్ళకు మెత్తగా ఉండాలని రెండు మార్లు అలికినాను.”

అంత సంతోషంగా తన ఇంటిని తానే పోగొట్టుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నా నోరు అప్పటికే తెరుచుకుంది. ఇది మాట తేడా, వీళ్ళ తప్పు కాదు, అడగండి, నేను సాక్ష్యం అనబోతున్నాను. తిమ్మరాయప్పగారు నా వైపు తిరిగారు.

“అమ్మా, ఎండగా ఉంది. జీపులో నా గొడుగుంది, తీసుకురా పో.”

ఆ గొంతులో ఏముందో, నేను జీపు వైపు నడిచాను. జీపంతా వెతికాను. డ్రైవరు నన్ను వింతగా చూశాడు. “గొడుగా? ఆయప్ప గొడుగు పట్టుకునింది నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. అయినా ఎండ యాడుంది?” అప్పుడు తెలిసింది. పరుగెత్తాను. వాళ్ళ వెనక్కు చేరేసరికి ఆయన చెబుతున్నారు.

“గోడలు వొరిగిపోయినాయి సార్. ఎవురి మీదన్నా పడతాదని నేనే పడగొట్టించినాను. కొలతలు ముందే తీసి మీకు పంపినాను. మీ పర్మిషన్ అడగలేదు, ఆ తప్పు నాది. ఈళ్ళకేం తెలీదు.”

గోడను అరచేత్తో చరిచి చూసిన మనిషి! అంగుళం అబద్ధం రాయని మనిషి! తలలో ఎవరో గంట కొట్టినట్టయింది. లైసెన్సు ఉన్నవాడు ప్రమాదమని కొలిచి కూల్పిస్తే ఇల్లు ఉన్నట్టే లెక్క, కాని ముందు అనుమతి తీసుకోకపోతే శిక్ష కూల్పించినవాడికి. ఆ నిబంధన నాకు తెలుసు. దాన్ని ఎవరైనా ఇలా వాడతారని మాత్రం తెలియదు. మాదమ్మ ఆయన మొహం చూసింది, కొడుకు మొహం చూసింది, చెంబు కింద పెట్టేసింది. ఆమెకు అప్పుడే అర్థమైంది, తాము చేసినదేమిటో.

తిరుగు దారిలో అధికారి తళి ఊళ్ళో దిగిపోయాడు. ఆ తర్వాత నేను ఆగలేదు. “పొరపాటని చెప్పి ఉంటే పోయేది కదా సార్? అబద్ధమెందుకు?”

“రూల్సులో పొరపాటుకు గది లేదమ్మా. ఇల్లుందా, లేదా. అంతే.”

“మీ నోట అబద్ధం విన్నాను నేను!”

“నువ్వు యాడున్నావప్పుడు? గొడుగు కోసరం పోయినావు కదా. సాక్ష్యం నీదెట్ల చెల్లతాది?”

మాదమ్మకు అనుమతి వచ్చింది. ఆయన లైసెన్సు పోయింది. గృహప్రవేశానికి నేను వెళ్ళాను, ఆయన రాలేదు. “నేను పోతే, పడగొట్టినోనికి భోజనమెందుకని ఎవురన్నా అడుగుతారు. ఆ ముసలామె ఏం చెప్తాది?” అన్నారు. ఆ తర్వాత గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని, నాకు గీత గీయడం నేర్పి, నన్ను పరీక్షకు తరిమి, బోర్డు మీద నా పేరు రాయించారు. ఇన్నేళ్ళుగా ఆ బోర్డు నాదే. ఇల్లు తిరిగి కట్టుకుంటామని ఎవరు వచ్చినా మొదట ఒకటే చెబుతాను: నేను వచ్చేదాకా పుల్ల కూడా కదిలించవద్దు. చెప్పి, మళ్ళీ వాళ్ళ నోటితో చెప్పించుకుంటాను. క్లీన్ అన్న మాట నా గదిలో వినబడదు.

ఆయన కన్నుమూసిన ఏడు మాదమ్మ దగ్గరికి వెళ్ళి కొట్లాడాను. ఊరంతా ఆయనను తిడుతుంటే వింటూ కూర్చుంటావా అన్నాను. ఆమె రాగులు చెరుగుతూ చేట ఆపలేదు. “నిజం చెప్తే ఇల్లు పోతాది కదమ్మా.”

“ఇన్నేళ్ళకు ఎవరడుగుతారు?”

“అడగనప్పుడు చెప్పేదెందుకు? ఆయప్ప చెప్పిన మాటే మేము చెప్తా ఉండాము. ఒక్క అచ్చరం మార్చలేదు.”

నమ్మకద్రోహమనుకుని వెళ్ళిన నేను ఆమెకు దండం పెట్టి తిరిగి వచ్చాను. ఆమె లెక్కలో అదే ఆయనకు చేసే పూజ.

ఆ సీమంతం పెరట్లో మాదేశుకు ఇదంతా చెప్పాను. అతడి మొహంలో రంగు పోయింది. తాతలాంటి మనిషిని తిట్టానే అన్న బాధ కాబోలు అనుకున్నాను. అతడు నా దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అడిగాడు. “అమ్మా, మీరిట్ల చెప్తే ఇప్పుడు మా ఇల్లు పోతాదా?”

పోదని చెప్పాను. అతడు నమ్మలేదు. టెంపో ఎక్కుతూ కూడా వెనక్కు తిరిగి చూశాడు.

తిమ్మరాయప్పగారితో నాకు తెగని వాదం ఒకటి మిగిలింది. ఆయనా లేరు, అడిగితే చెప్పేవారూ లేరు. అయినా అలికిన నేల వాసన తగిలినప్పుడల్లా అడుగుతూనే ఉంటాను. సార్, ఆ మబ్బు రోజున లేని గొడుగు కోసం నన్ను పంపింది, ఆ అబద్ధానికి నేను సాక్షిని కాకూడదనా, లేక నేను అక్కడే ఉంటే నిజం చెప్పేస్తానన్న భయంతోనా?