తప్పుకోవడం ఆయన పని

నా అక్షరాలు కుదురుగా ఉండవు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద మనసు చేసుకుని చదవండి. ఇక్కడ అమెరికాలో మన క్యారీ ఊరి తెలుగువాళ్ళ పత్రిక నడిపే అక్కయ్య, "నువ్వు కాగితం మీద రాసివ్వు, తప్పులుంటే టైపు చేసేటప్పుడు నేను దిద్దుతాను" అన్నారు కాబట్టి ధైర్యం చేశాను.

నాకు కపోయెరా నేర్పిన మేస్త్రిగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పప్పులోకి పోపు వేస్తుంటే ఫోను మోగింది. నాతోపాటు నేర్చుకునే ఒకావిడ స్కూలు బస్సు నడుపుతుంది. నేను ఆమెని బస్సక్క అంటాను. ఫోనులో ఆమే. "మేస్త్రి ఈజ్ గాన్" అంది. ఆయన ఎప్పుడూ బ్రెజిల్ వెళ్ళి అమ్మ సమాధి చూసొస్తానని అంటూ ఉండేవారు. మాకు చెప్పకుండానే వెళ్ళిపోయారా అనుకుని, "కమింగ్ బ్యాక్ వెన్?" అని అడిగాను. అవతల బస్సక్క ఏడ్చేసింది. అప్పుడు అర్థమైంది. మనమూ పోయారనే కదా అంటాం. పోపు మాడిపోయింది. పొగకి అలారం మోగుతూ ఉంటే, టవలు ఊపాలని కూడా తోచక అలాగే నిలబడిపోయాను.

కపోయెరా బ్రెజిల్ వాళ్ళ ఆట. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు పుట్టించారట. చూసేవాళ్ళకి డాన్సులా ఉంటుంది, ఆడేవాళ్ళకి కొట్లాటలా ఉంటుంది. అందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టి పాడుతుంటే మధ్యలో ఇద్దరు ఆడతారు. ఒకరు కాలు విసురుతారు, ఇంకొకరు వంగి తప్పుకుంటారు. తన్ను తగలక్కర్లేదు. తగిలేంత నిజంగా మాత్రం రావాలి.

నేను అక్కడికి కావాలని వెళ్ళలేదు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన మొదటి ఏడు మా అపార్ట్‌మెంట్‌లో వాషర్ పాడైతే, రోడ్డవతల లాండ్రీకి బట్టలు మోసుకెళ్ళాను. పక్క షాపులోంచి గోడ దాటి పాట వినిపించింది. ఒకరు ఒక ముక్క పాడితే మిగతా అందరూ అందుకుంటున్నారు. నాట్లు వేసేటప్పుడు మా ఊళ్ళో ఆడవాళ్ళు అలాగే పాడేవాళ్ళు. బట్టలు తిరుగుతుండగా వెళ్ళి ఆ షాపు అద్దం తలుపు దగ్గర నిలబడ్డాను. తెల్ల బట్టల్లో ఉన్న ఒక పెద్దాయన తలుపు తీశారు. ఏమీ అడగలేదు. నా చెప్పుల వైపు చూపించి, లోపల ఖాళీగా ఉన్న చోటు చూపించారు. మొదటి నెలంతా నేను చప్పట్లు కొట్టడానికే వెళ్ళాను.

అక్కడ అందరూ ఆయన్ని "మేస్త్రి" అని పిలుస్తుంటే నేను బిత్తరపోయాను. మా నాన్న తాపీ మేస్త్రి. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట అది. ఈయన కూడా ఇళ్ళు కట్టేవాడేమో, సాయంత్రాలు ఆట నేర్పుతున్నాడేమో అనుకున్నాను. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"ఏం కడతాడమ్మా?" అన్నాడు నాన్న.

"ఏమీ కట్టడు నాన్నా. మనుషుల్ని పడగొడతాడు."

"పడగొట్టడానికి మేస్త్రి ఎందుకే? పలుగు చాలుగా."

తర్వాత ఎప్పుడో ఈ సంగతి మేస్త్రిగారికి చెబితే చాలా సంతోషించారు. వాళ్ళ పోర్చుగీసు భాషలో ఆ మాటకి గురువు అని అర్థమట. "ఆ భాషవాళ్ళ ఓడలు మీ తీరానికీ వచ్చాయి. వెళ్తూ ఒక మాట మరిచిపోయి వెళ్ళారు" అన్నారు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ దాదాపు ఒకటే. అందుకే మిగతావాళ్ళకంటే ఆయన మాటలే నాకు బాగా అర్థమయ్యేవి. అప్పటి నుంచి నన్ను చూడగానే, "ఇంకో మేస్త్రి ఎలా ఉన్నాడు?" అని మా నాన్నని అడిగేవారు.

మా బావకి, అంటే మా ఆయనకి, మొదట్లో ఇదంతా నవ్వులాట. "డిపెండెంట్ వీసా మీద వచ్చినోళ్ళంతా డ్రైవింగ్ నేర్చుకుంటారు. నువ్వేమో తన్నడం నేర్చుకుంటున్నావ్. రేపు నా గతేంటే?" అనేవాడు. తన్నడమే నాకు రాలేదని బావకి తెలియదు.

మనకి ఎవరికైనా కాలు తగిలితే వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. పుస్తకానికి తగిలినా అంతే. మొదటిసారి ఆయనతో ఆడుతుంటే నా పాదం ఆయన భుజానికి రాసుకుంది. నేను ఆట ఆపేసి, వంగి, ఆయన భుజం ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆ ఆటలో జాలి చూపించినట్టు చూపించి పడగొట్టడం కూడా ఒక విద్య. ఆయన చటుక్కున వెనక్కి గెంతి, "మంచి మోసం" అని మెచ్చుకున్నారు. మరుసటి వారం బస్సక్క నా మీదే ఆ ఎత్తు వేసింది. నా మోకాలు ముట్టుకుని, కళ్ళకద్దుకుని, నేను చెయ్యెత్తి దీవించేలోపు నా కాలు లాగేసింది.

ఇది మోసం కాదని ఆయనకి తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"ప్రతిసారీ ఏదో గొణుగుతావు. ఏంటది?"

"తప్పు. రాంగ్. మీరు గురువు, కాలు తగిలితే తప్పు."

"ఆ కాలు అంత ఎత్తుకి లేపింది ఎవరు?"

"మీరే."

"అయితే తగిలింది నా కాలే. నో తప్పు."

ఆ తర్వాత, తన్ను వస్తే పక్కకి జరగమనడానికి మా భాషలో ఏమంటారని అడిగారు. తప్పుకో అంటామని చెప్పాను. "తప్పు, తప్పుకో" అని రెండూ నాలుగుసార్లు అనుకుని, మొదటిది నాకు తిరిగిచ్చేసి రెండోది ఉంచుకున్నారు. ఆ సాయంత్రం నుంచి ఆ హాలులో "టప్పూకో" అని కేక వినిపిస్తే పదిహేను మంది అమెరికావాళ్ళు ఒక్కసారిగా నేలకి వంగేవాళ్ళు.

ఆయన నాకు ఎక్కువగా నేర్పింది కాళ్ళ పని కాదు, చూపు. "నేలని చూస్తే తన్ను ఎటు నుంచి వస్తుందో తెలియదు. మొహం చూడు" అనేవారు. నేను పుట్టింట్లో, అత్తింట్లో, ఇక్కడ షాపుల్లో, అన్నిచోట్లా నేలనే చూసినదాన్ని. ఈ మధ్య క్లినిక్‌లో కౌంటరు దగ్గరమ్మాయి నా పేరు తప్పు పిలిచింది. ఆమె మొహం చూసి, "నో, నాట్ లైక్ దట్" అని నా పేరు మళ్ళీ చెప్పాను. బస్సక్క కూడా ఒకసారి అంది. రోజంతా అద్దంలో వెనక పిల్లల్నే చూస్తుందట, ఇక్కడికొస్తేనే ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి తనని చూస్తారట.

ఏడాదికొకసారి మాకు గ్రాడ్యుయేషన్ జరుగుతుంది. కొత్తవాళ్ళు మేస్త్రితో ఆడాలి. ఆయన మెల్లగా పడగొడతారు. పడి లేచినవాళ్ళ నడుముకి తాడు కడతారు. మొదటి తాడు రంగు పసుపు. ఈసారి రంగు సరిగ్గా పట్టడం లేదని ఆయన విసుక్కుంటుంటే నేను ఇంట్లోంచి పసుపు పట్టుకెళ్ళాను. షాపు వెనక పెద్ద గిన్నెలో మరగబెట్టి, నాలుగు తాళ్ళని ఆయనే ముంచి ఆరేశారు, అందులో ఒకటి నాకు. ఆయన గోళ్ళన్నీ పచ్చగా అయ్యాయి. బావకి చెబితే, "ఒక పసుపుతాడు నేను ఆల్రెడీ కట్టాను కదే. నడుముకి ఇంకోటా?" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజుకి సెలవు పెట్టుకున్నాడు.

అప్పటికే మేస్త్రిగారి గుండె బాగా బలహీనపడింది. స్టూలు మీద కూర్చుని, కింద సొరబుర్ర కట్టిన ఒంటితీగ విల్లు వాయించేవారు. లేచి ఆడినా ఎవరూ ఆయన మీదికి నిజంగా కాలు విసిరేవారు కాదు. "నన్ను గాజు గ్లాసులా పట్టుకుంటున్నారు" అని బాధపడేవారు.

ఆ స్టూలు వెనక గోడ మీద ఆయన సుద్దతో గీతలు గీసేవారు. ఎవరి కాలు ఎంత ఎత్తు వెళ్తే అక్కడ ఒక గీత. మా నాన్న దారానికి రంగు పూసి గోడ మీద మట్టం గీత కొట్టినట్టు. నా గీత మొదట్లో నడుం దగ్గర ఉండేది. చివరికి కూర్చున్న ఆయన తలకన్నా జానెడు పైకి వచ్చింది.

చివరి క్లాసులో అందరూ వెళ్ళాక నన్ను ఆపారు. ఆ గీత కింద స్టూలు మీద కూర్చుని, "ఇప్పుడు నా మొహం మీదికి తన్ను" అన్నారు. తలకి గురిపెట్టి అర్ధచంద్రంలా కాలు తిప్పాలి, ఆయన వంగుతారు. నేను తిప్పాను. ఆయన ఇంకా వంగలేదు. కాలు జానెడు దూరంలో ఆగిపోయింది. ఇంకోసారి తిప్పాను, ఇంకోసారి ఆగింది.

"వంగకపోతే ఎలా అని భయమా?" అన్నారు.

నేను తలూపాను.

"తన్నడం నీ పని. తప్పుకోవడం నా పని. నా పని నువ్వు చెయ్యకు."

మూడోసారీ ఆగింది. ఆయన కోప్పడలేదు. స్టూలు పట్టుకుని లేచి, "నో తప్పు. శనివారం తన్నుదువుగాని" అన్నారు. శనివారం గ్రాడ్యుయేషన్. అది రాకముందే, మంగళవారం ఫోనొచ్చింది.

ఆ మూడు తన్నులూ నేను బతికున్నంత కాలం నన్ను వదలవు. నేను కూడా ఆయన్ని గాజు గ్లాసులాగే పట్టుకున్నాను.

గ్రాడ్యుయేషన్ మానేద్దామని కొందరన్నారు. బస్సక్క ఒప్పుకోలేదు. "ఆయన ముంచిన తాళ్ళు ఆరిపోయాయి. కట్టకుండా ఎక్కడ పెట్టుకుంటారు?" అంది. రెండు వారాలు ఆగి చేశాం. స్టూలు ఆ గోడ దగ్గరే ఉంచారు. విల్లు దానికి ఆనించారు. మా బావ చెప్పులు విడిచి వలయంలో నిలబడి, రాని పాటకి చప్పట్లు కొట్టాడు.

ఆయన బదులు నాతో బస్సక్క ఆడింది. ఆడుతూ ఆడుతూ మెల్లగా నన్ను ఆ గోడ వైపు తీసుకెళ్ళింది. స్టూలు ముందు ఆగి, మోకాళ్ళు వంచి, తల సరిగ్గా ఆ గీత కిందికి తెచ్చి నా కళ్ళలోకి చూసింది. నేనూ చూశాను. కాలు తిప్పాను. ఈసారి ఆపలేదు. వలయంలో ఎవరో ఆయన గొంతులాగే "టప్పూకో" అన్నారు. బస్సక్క వంగింది. నా కాలు ఆ గీత ముందు నుంచి గాలిని కోసుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది. ఎవరికీ తగల్లేదు. అయినా అలవాటుకొద్దీ నా చెయ్యి ముందుకు సాగింది. ముట్టుకుని కళ్ళకద్దుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన తప్పుకున్నారు.

అంతలో బస్సక్క నా రెండో కాలు లాగి పడగొట్టింది. నడుముకి తాడు కట్టింది. ఇంటికొచ్చి చూసుకుంటే తెల్ల ప్యాంటుకి పసుపు అంటుకుని ఉంది. ఇంకా ఉతకలేదు.

అక్కయ్యా, టైపు చేసుకున్నాక ఈ కాగితాలు కాల్చెయ్యండి. చావు కబురు రాసిన ఉత్తరం మా అమ్మ ఇంట్లో ఉంచేది కాదు. చదువుతున్న మీరు కూడా ఈ పేజీ చింపి కాల్చెయ్యండి, నేనేమీ అనుకోను. ఇంట్లో మాత్రం వద్దు, అలారం మోగుతుంది. బయట కాల్చండి. పొగ మొహం మీదికి వస్తే వెనక్కి పరిగెత్తకండి. పక్కకి తప్పుకోండి. కళ్ళు మాత్రం దాని మీదే ఉంచండి.