తడి మొహం మీద రెండు చుక్కలు

పుంగనూరు బస్టాండు వెనక సందులో హేమలత పద్దెనిమిదేళ్లుగా బ్యూటీ పార్లరు నడుపుతోంది. చెయ్యి మంచిదే, నోరే మహా పొదుపు. మొహానికి ఏం రాశావు, ఎట్లా రాశావు అని కస్టమర్లు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, "అదంతా నాకొదిలెయ్ మా" అని నవ్వేసేది. చెప్పేస్తే ఇంట్లోనే రాసుకుంటారు, మళ్లీ ఈ మెట్లెక్కరు కదా!

చౌడేపల్లెలో ఉండే చెల్లెలు సుధారాణికి క్యాన్సర్ వచ్చింది. బెంగళూరులో మందులెక్కించీ ఎక్కించీ చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. భర్త దిలీప్ కుప్పంలో గ్రానైటు పనికి పోయి వారానికోసారి వస్తాడు. మిగతా రోజులు చూసుకునేది అత్త ఆదిలక్ష్మమ్మే. మందుల వేడికి సుధారాణి మొహం ఎండి, పొట్టు లేచి, చెంపల మీద చీలికలు పడ్డాయి. ఆ బాధ ఒక ఎత్తు, ఆరేళ్ల కూతురు దూరం జరగడం ఒక ఎత్తు. ఒకరోజు ముద్దు పెట్టబోతే జాహ్నవి మొహం తిప్పేసుకుంది. "వద్దు మా, గుచ్చుకుంటాండాది" అంది. పసిదానికేం తెలుసు! తల్లి ప్రాణం మాత్రం ఆ మాటకు విలవిల్లాడిపోయింది.

"అక్కా, బతకాలని నేను అడగలేదు. నా బిడ్డ ఒక్కసారి నా సెంపకు సెంప ఆనించాల. అంతే," అని హేమలత చెయ్యి పట్టుకుంది.

హేమలత ఆ రోజే మదనపల్లెకు పోయి సీరమ్ తెచ్చింది. చిన్న సీసా, వాసనా గీసనా లేనిది, చర్మంలో తేమ నిలిపే సరుకు చిక్కగా ఉన్నది. డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే వాడొచ్చన్నాడు. సీసా ఆదిలక్ష్మమ్మ చేతిలో పెట్టి, "పొద్దున రెండు సుక్కలు, సాయంత్రం రెండు సుక్కలు రాయత్తా" అంది. మొహం తడిగా ఉండగానే రాయాలనీ, ఆరేలోగా పైన క్రీము పట్టించాలనీ చెప్పలేదు. దాచాలని కాదు పాపం. ఇన్నేళ్లుగా చెప్పని నోటికి ఆ పూట కూడా చెప్పాలని తోచలేదు. ముహూర్తాల నెల, పార్లర్లో పెళ్లికూతుళ్లు కాచుకుని ఉన్నారు. హడావిడిగా బస్సెక్కేసింది.

ఆదిలక్ష్మమ్మ కోడలిని కన్నకూతురిలా చూసుకునే మనిషి. మందు రాసే చోట తడి ఉండకూడదని ఆమె నమ్మకం. పైగా తడి మొహంతో ఉంటే నీరసపు మనిషికి జలుబు చేస్తుందని భయం. మెత్తటి గుడ్డతో చుక్క తడి లేకుండా తుడిచి, రెండు చుక్కలు రాసి, ఫ్యాను కింద కూర్చోబెట్టేది. ఒక్క పూట తప్పలేదు. అసలే ఎండాకాలం గాలి. ఆ సీరమ్‌కు పైన నీళ్లు దొరక్క, చర్మం లోపలున్న కాస్త తేమనూ లాగేసింది.

పదో రోజు హేమలత వచ్చి చూసి గుండె బాదుకుంది. చీలికలు ముందుకంటే లోతయ్యాయి. "ఎట్ల రాస్తాండావత్తా?" అని అరిచింది. ఆదిలక్ష్మమ్మ బిక్కచచ్చిపోయి, తాను చేసిందంతా చేసి చూపించింది. చూసేకొద్దీ తాను చెప్పకుండా వదిలేసిందేమిటో హేమలతకు తెలిసొచ్చింది. ఇంకెవరిని తిట్టాలి?

"తప్పు నాదత్తా. నేనే సెప్పలా," అంటూ గడప మీద కూలబడి ఏడ్చింది.

పార్లరుకు తాళం వేసి చెల్లెలింట్లోనే ఉండిపోయింది. తడిగుడ్డతో మొహం అద్దడం, ఆ తడి మీదే రెండు చుక్కలు, వెంటనే క్రీము. అట్లా చేసిన ఐదో రోజుకు పొట్టు పోయింది. ఆరో రోజుకు చెంపలు మెత్తబడ్డాయి. కానీ ఏం లాభం, ఆ ఐదో రోజు నుంచే సుధారాణి కళ్లు తెరవడం మానేసింది. పిలిస్తే పలకదు. కుప్పం నుంచి దిలీప్ వచ్చి వాకిట్లో కూర్చుండిపోయాడు.

ఏడో రోజు పొద్దున హేమలత జాహ్నవిని ఎత్తుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. పిల్ల భయం భయంగా ఒక్క వేలితో తల్లి చెంప తాకింది. తర్వాత అరచెయ్యి పెట్టింది. తర్వాత తనంతట తానే వంగి చెంపకు చెంప ఆనించింది.

"అమ్మ మెత్తగుండాది పెద్దమ్మా!" అని సంబరంగా అరిచింది. "అమ్మా, సూడు, గుచ్చుకోలా!"

సుధారాణి కదల్లేదు. ఆదిలక్ష్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుని బయటికి పోయింది. ఆ పది రోజులు పాడు కాకుండా ఉంటే చెల్లెలు ఈ మాట వినేది కదా అనుకుంది హేమలత.

జాహ్నవి తల్లి భుజం కుదిపింది. "పెద్దమ్మా, అమ్మను లేపు. నేను ముద్దు పెట్టినానని సెప్పు."

హేమలత చెల్లెలి చెవి దగ్గరికి వంగి చెప్పింది. గట్టిగా చెప్పింది. మళ్లీ చెప్పింది. సుధారాణి ఆ మధ్యాహ్నమే పోయింది.