నిమ్మకాయ ఎక్కని డ్రాగ్ కారు

ఆ రోజుల్లో నేను ఎవరినీ లెక్కచేసేవాణ్ని కాదు. అలా లెక్కచేయకుండా ఉండటానికి నా దగ్గర ఉన్న అర్హత ఏమిటని ఇప్పుడు వెనక్కి తిరిగి వెతికితే ఒక్కటీ దొరకదు, అదే విచిత్రం. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక గోదాములో అట్టపెట్టెల మీద చీటీలు వంకర లేకుండా అంటించారా లేదా అని చూడటం నా ఉద్యోగం. (చూసి, వంకరగా ఉంటే "వంకరగా ఉంది" అని చెప్పాలి. సరిచేసే అధికారం నాకు లేదు.) ఆ మాత్రం హోదాతోనే నేను బస్సు డిపో ముందు నిలబడి ప్రపంచాన్ని జల్లెడ పట్టేవాణ్ని. బైకు హ్యాండిలుకు ప్లాస్టిక్ పూలు కట్టుకున్నవాడు నాకు మూర్ఖుడు. కారు వెనక పిల్లల పేర్లు రాయించుకున్నవాడు అంతకన్నా మూర్ఖుడు. అద్దె కారుకు ఆనుకుని ఫొటో దిగేవాణ్ని చూస్తే నాకు జాలి కూడా వేసేది కాదు. వీళ్లెవరికీ కారంటే ఏమిటో తెలియదు, నాకు ఒక్కడికే తెలుసు అని గట్టి నమ్మకం. నాకు అప్పటికి డ్రైవింగ్ రాదన్న సంగతి ఈ నమ్మకానికి ఏమాత్రం అడ్డు రాలేదు.

ఆ నమ్మకంలోంచి పుట్టిందే నా డ్రాగ్ కారు. డ్రాగ్ కారంటే విపరీతమైన వేగంతో పరుగెత్తే పందెం కారు. నాది నిజం కారు కాదు, దాని నమూనా. మోచెయ్యంత పొడవు, ముందు రెండు సన్నటి సైకిలు చక్రాల్లాంటివి, వెనక రెండు తిరగలి రాళ్లలాంటి లావుపాటివి, మధ్యలో బట్టలేసుకోవడం మరిచిపోయినట్టు బయటికే కనిపించే ఇంజను. విదేశాల్లో ఎవరో గడ్డాలవాళ్లు ఇలాంటివి తయారుచేస్తుంటే ఫోన్లో చూసి, నా పుట్టుక ఇందుకే అని నిర్ణయించుకున్నాను. డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కల్ని అతికించేస్తే అయిపోయేది కాదు నా లెక్కలో (అలా అతికించేవాళ్లు కూడా నా మూర్ఖుల పట్టికలోనే ఉండేవాళ్లు). పాడైపోయిన ఇయర్‌ఫోన్ తీగ చీల్చి, లోపలి వెంట్రుకంత రాగి పోగుల్ని స్పార్క్ ప్లగ్గులకు వైర్లుగా తొడిగాను. అక్క కనుబొమలు దిద్దుకునే ప్లక్కర్ మాయం చేసి, దానితో డ్రైవరు సీటు బెల్టుకు బకిల్ పెట్టాను. ఈ కార్లు పరుగు చివర ఆగడానికి వెనక పారాచూట్ విప్పుతాయి. దానికోసం అవ్వ పాత పట్టు రవికె చేతిని కత్తిరించాను. ఒంటికి తెల్లరంగు వేశాను, వేసి, గీకి, మళ్లీ వేశాను. మొత్తం మేడ్చల్ మండలంలో అంత తెల్లటి వస్తువు మరొకటి లేదని నా అభిప్రాయం.

మా ఇల్లు అత్వెల్లిలో, హైవేకి కాస్త లోపలికి. నాయిన ట్రాలీ ఆటోలో కూరగాయలు మార్కెట్టుకు తోలేవాడు. బండి అంటే ఎంత బరువు మోస్తుంది, ఎంత తాగుతుంది, ఈ రెండే ఆయనకు తెలిసిన విషయాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చి నా బల్ల పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

"గిది ఎంతమంది కూసుంటరురా?"

"ఒక్కడే."

"గింత పొడుగున్నది, ఒక్కడేనా? సరే. మలుపులల్ల ఎట్ల తిరుగుతది?"

"తిరుగది నాయినా. సీదా పోతది."

"సీదా పోయి?"

"ఆగుతది."

"ఆగినంక?"

"గంతే."

నాయిన వంగి కారును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంకోసారి చూశాడు. "అయితే ఆడికి పోయిందెందుకు మరి?" అన్నాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వేగం, ఆ పొగ, ఆ మోత, ఇవన్నీ టమాటా గంపలు లెక్కపెట్టుకునే మనిషికి ఎలా చెప్పేది అని నిట్టూర్చాను. (ఆ టమాటా గంపల మీదనే నా రంగు డబ్బాలు, జిగురు సీసాలు వచ్చాయన్నది అప్పుడు గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చినా లెక్కచేసేవాణ్ని కాదు.)

అయినా నాయిన ప్రశ్నల్ని భరించవచ్చు. భరించలేనిది ఒక్క మాట, బొమ్మ. ఇంటికొచ్చిన ప్రతివాడూ "బొమ్మ మంచిగున్నది" అనేవాడు. అమ్మ చుట్టాలతో ఫోన్లో "మావోడు బొమ్మలు జేస్తుండు" అని చెప్పేది, నేనేదో కొండపల్లికి వలస వెళ్లినట్టు. అందరికన్నా ఘోరం మా పక్కింటి అంకుల్. మా గోడనానుకుని కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కొనుక్కుని గోదావరి వైపు నుంచి వచ్చినాయన. బ్యాంకు ఉద్యోగం, చేతిలో ఎప్పుడూ మడతపెట్టిన పేపరు. "ఏం బాబూ, బొమ్మ పూర్తయిందా? బ్యాటరీ ఎక్కడ పెడతావు? రిమోట్ కూడా ఉంటుందా?" అని గోడ మీదుగా రోజూ అడిగేవాడు. బ్యాటరీ ఉండదని నేను రోజూ చెప్పేవాణ్ని. "మరి నడవదా?" అని ఆయన రోజూ నొచ్చుకునేవాడు. ఒకరోజు నా ఓర్పు తెగిపోయింది. దసరా తర్వాతి ఆదివారం షామీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో నమూనాల పోటీ ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ఉండగా ప్రకటించాను.

"ఇది బొమ్మ గాదు, కారు. షామీర్‌పేటల గెలిస్తే ఇగ ఎవ్వలు బొమ్మ అనొద్దు."

"గెల్వకుంటే?" అన్నాడు నాయిన.

"మీ ఇష్టమొచ్చినట్టు అనుకోండ్రి. జీవితాంతం."

"సరే తియ్. గెలిస్తే నేనే కారని అంట" అన్నాడు నాయిన. అవ్వ మూలన కూర్చుని వత్తులు చేసుకుంటూ ఇదంతా విన్నది. నేనూ ఆమె వైపు చూడలేదు. నా పోరాటంలో ఆమెకు పాత్ర ఉంటుందని నాకు తోచనే లేదు.

దసరా పొద్దున నన్ను మటన్ కోసం మేడ్చల్ పంపించారు. దసరా నాడు మటన్ దుకాణం ముందు లైను సంగతి తెలిసిన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ లైన్లో నిలబడి, ముందున్నవాళ్లనీ వెనకున్నవాళ్లనీ సమానంగా చులకనగా చూస్తూ, ఎండ ఎక్కాక సంచితో ఇంటికి వచ్చాను. వాకిట్లో ట్రాలీ ఆటో కడిగి, పూలదండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఉంది. దాని పక్కన స్కూటరుకూ అదే మర్యాద. దాని పక్కన నాయిన కూరగాయలు తూచే తరాజు. దాని పక్కన అమ్మ మిక్సీ, మూత మీద బొట్టుతో. ఆ వరుస చివర పీట మీద నా డ్రాగ్ కారు.

తెల్లటి ముక్కు మీద మూడు పసుపు గీతలు, నడుమ కుంకుమ. ఇంజను నెత్తిన గాలి పీల్చుకునే పెట్టె ఉంటుందే, నేను పండ్లు బిగబట్టుకుని కూర్చిన పెట్టె, దాని మీద బంతిపూల దండ. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు. అందులో ఏ ఒక్కటి తీసుకున్నా ముందు చక్రం కన్నా పెద్దదే. కారు ముందుకాళ్లు రెండూ చెరో వైపుకు సాగిలపడి ఉన్నాయి. అవ్వ దాని ముందు కూర్చుని బొటనవేలు చూసుకుంటోంది.

"అవ్వా, ఏం జేసినవే?"

"పూజ జేసిన. బండి నిమ్మకాయ మీదికెళ్లి పోవాలె గద. నూకిన. ఎక్కలే. జర ఒత్తిన."

"ఒత్తితే?"

"నిమ్మకాయ పగుల్లే బిడ్డా. లోపల ఏందో ఇరిగింది."

ఇరుసు. పుల్లంత ఇరుసు. నేను మటన్ సంచి అక్కడే పడేసి అరిచాను. ఏమేం అన్నానో రాయను. చివరికి, "దానికి పూజెందుకే? ఎవలన్న జేస్తరా దానికి పూజ?" అన్నాను. అవ్వ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. ఆమెకు కోపం రాలేదు, అదే నాకు ఇంకా బాధ.

"నువ్వే గదరా బొమ్మ గాదంటివి. కారంటివి. గిన్ని దినాల సంది గదే అంటున్నవు. కారైతే దసర నాడు పూజ లేకుంట ఎట్ల ఉంచుతం?"

ఊరంతటిలో నా మాట నమ్మిన ఒకే ఒక్క మనిషి, ఆ నమ్మకంతోనే నా కారు నడుం విరగ్గొట్టింది. వాకిట్లో కుక్క మటన్ సంచిని వాసన చూస్తుంటే, అమ్మ వచ్చి దాన్ని తరిమి, నన్ను కూడా అదే గొంతుతో లోపలికి పొమ్మంది.

ఆదివారం దాకా నేను కారును తుడుస్తూ కూర్చున్నాను. కుంకుమ పోయింది. పసుపు పోలేదు. పసుపుకు తెలుపు మీద ఉన్న మమకారం మీకు తెలిసిందే. ఇరుసు అతికించాను గాని, చక్రాలు చెప్పులు తారుమారుగా తొడుక్కున్నవాడి కాళ్లలా లోపలికి తిరిగి ఉండిపోయాయి. షేర్ ఆటోలో కుదుపులకు ఉన్నది కూడా ఊడుతుందని నాయిన ట్రాలీలో గోనెసంచులు పరిచి తనే తీసుకెళ్లాడు. ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే కారు, గోనెసంచుల మీద, నా ఒళ్లో, కొత్తిమీర వాసన మధ్య షామీర్‌పేటకు బయలుదేరింది. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా నాయిన బండిని నెమ్మది చేసి, వెనక్కి తిరిగి "మంచిగున్నదా?" అని అడిగాడు. నేను తల ఊపాను.

ఫంక్షన్ హాల్లో నాలాంటివాళ్లందరూ ఒకేచోట పోగయ్యారు. ఒకరినొకరు చులకనగా చూసుకునే అంతమందిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఒకాయన యుద్ధ విమానం చేసి, అందులో పైలట్‌కు మీసాలు కూడా పెట్టి, ఆ మీసాలు చూడనివాళ్లను మనుషులుగా లెక్కపెట్టడం లేదు. ఇంకొకడు తెల్ల గ్లవ్స్ తొడుక్కుని తన కారును తుడుస్తూ ఉన్నాడు, అందులో తుడవడానికి ఏమీ లేదు. వాణ్ని చూస్తే నాకు అసహ్యం వేసింది, ఎందుకంటే గ్లవ్స్ ఆలోచన నాకు రాలేదు. తీర్పు చెప్పడానికి భూతద్దం పట్టుకుని ఒక రిటైరైన పెద్దమనిషి బల్ల బల్లకూ తిరుగుతున్నాడు. నా బల్ల దగ్గర ఆగాడు. రాగి వైర్లు చూశాడు, "బాగుంది" అన్నాడు. బకిల్ చూశాడు, "చాలా బాగుంది" అన్నాడు. నేను గ్లవ్స్‌వాడి వైపు ఒక చూపు విసిరాను. ఆ తర్వాత ఇంజను లోపలికి వంగి, జేబులోంచి చిన్న పట్టకారు తీసి, దేన్నో పట్టి బయటికి లాగాడు. ఎండిన బంతిపూరెక్క.

"ఏం బాబూ, నిజం డ్రాగ్ కారు ఇంజన్లో బంతిపూలు ఉంటాయా?" అన్నాడు అందరికీ వినిపించేలా.

నవ్వారు. గ్లవ్స్‌వాడు మరీ నవ్వాడు. అప్పటిదాకా అవ్వ మీద ఉన్న కోపమంతా నాలో ఎటో మళ్లింది, ఎందుకు మళ్లిందో నాకే తెలియదు. మా అవ్వను నేను తిట్టుకోవచ్చు, వీళ్లెవరు నవ్వడానికి అనిపించింది. ఇంగ్లీషులో జవాబు చెప్పాలని ప్రాక్టీసు చేసి వచ్చినవాణ్ని, నోట్లోంచి ఇంటి మాటే వచ్చింది.

"మా దాంట్ల ఉంటది సార్. దసర అయింది గద."

పెద్దమనిషి రెక్కను బల్ల మీద పెట్టి ముందుకు వెళ్లిపోయాడు. బహుమతి గ్లవ్స్‌వాడికి వచ్చింది. తలుపు దగ్గర నాయిన నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. ఎప్పటి నుంచి ఉన్నాడో అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి చాయ్ తాగించాడు. పోటీ మాట ఎత్తలేదు. జీవితాంతం బొమ్మ అనడానికి నేనే హక్కు రాసిచ్చాను కదా, ఇంటికి వెళ్లాక మొదలవుతుందని సిద్ధమై కూర్చున్నాను.

ఇంటి ముందు బండి దిగుతుంటేనే గోడ మీద పేపరు కనిపించింది, దాని వెనక అంకుల్. "ఏం బాబూ, బొమ్మకి ప్రైజు వచ్చిందా?" నేను నోరు తెరిచేలోపు నాయిన గోనెసంచులు దులుపుతూ, ఆయన వైపు చూడకుండానే అన్నాడు.

"బొమ్మ గాదు సారూ. పూజైంది. బండే."

అంకుల్ పేపరు మడిచి, "అవునా అండీ, మరి చెప్పలేదే" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ బొమ్మ అనలేదు. లోపల అవ్వ తలుపు పక్కనే కాచుకుని కూర్చుంది.

"బండి మంచిగ నడిచిందా బిడ్డా?"

"నడిచింది అవ్వా."

"సీదా పోయిందా?"

"సీదా పోయింది."

"ఆగిందా?"

"ఆగింది."

"సూసినవా. పూజ లేకుంటే ఆగకపోవు" అంది తృప్తిగా.

ఇప్పుడు నాకు డ్రైవింగ్ వచ్చు. కారు కూడా ఉంది, వెనక అద్దం మీద నా కూతురి పేరుతో సహా. (ఆ రోజుల్లోని ఆ కుర్రాడు డిపో ముందు నిలబడి ఈ కారును చూస్తే ఏమంటాడో నాకు బాగా తెలుసు.) డ్రాగ్ కారు టీవీ పైన అలమరలో ఉంది, ముక్కు మీద పసుపు గీతలు అలాగే ఉన్నాయి. అవ్వకు చూపు తగ్గింది గాని దసరా నాడు పీట మీద అది కూడా ఉండాలంటుంది. అందుకని నేను ముందురోజు మేడ్చల్ మార్కెట్లో నిమ్మకాయల కుప్పలన్నీ కెలికి, గోళీలంత వాటిని ఏరుతుంటాను. "పచ్చడికా అన్నా? పెద్దయి తీస్కో" అంటాడు అమ్మేవాడు. "పచ్చడికి గాదు, కారుకు" అంటాను. వాడు నన్ను చూసే చూపులో నేను గుర్తుపట్టేది ఒకటుంది. అదే చులకన, ఆ రోజుల్లో నేను అందరికీ పంచినదే.

మరునాడు అవ్వ వేళ్లతో తడుముకుని చక్రాలు దొరకబుచ్చుకుంటుంది, నూకుతుంది, జర ఒత్తుతుంది. ముందు ఇరుసు విరుగుతుంది. సాయంత్రం అందరి చేతుల్లో జమ్మి ఆకు పెట్టి వచ్చాక నేను మళ్లీ అతికిస్తాను. నిమ్మకాయ మాత్రం ఇప్పటికీ పగల్లేదు.