నిద్రకు బత్తా లేని డబుల్ డ్రైవర్ లారీ

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో డబుల్ డ్రైవర్ లారీ మాట్లాడి, నిద్రపోయే డ్రైవరుకు పైసా ఇవ్వనని ఒప్పించిన మొదటి వ్యాపారిని నేనే. నా తర్వాత ఇంకెవరూ ఆ పని చేయలేదు. ఎందుకో చెబుతాను. లూధియానా నుంచి సరుకు తెచ్చుకోవాలనుకునే వాళ్ళకు పనికొస్తుంది.

ఆ డిసెంబరులో దుకాణానికి స్వెట్టర్లు కొనడానికి రైల్లో వెళ్ళాను. కొన్న సరుకులో నలభై మెరూన్ స్వెట్టర్లు మాత్రం సీతాఫల్‌మండి చర్చి పాటల బృందానివి. బృందాన్ని నడిపే మెర్సీ టీచర్ ముందే అడ్వాన్సు ఇచ్చింది. శనివారం సాయంత్రం ఆరింటికి పాటలు పాడుతూ లాలాగూడ రైల్వే క్వార్టర్లు తిరగడం మొదలుపెడతామని, ఆలోపు అందాలని రెండుసార్లు చెప్పింది. ఆ నలభై రైల్లోనే వెంట తెచ్చుకోవచ్చు కదా అంటారు. లగేజీ చార్జీ మీరు కడతారా?

ఒక్క డ్రైవరైతే ఆ దూరానికి ఆదివారం దాటుతుంది. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు సీటు వెనక బల్ల మీద పడుకుంటే బండి ఆగదు, శుక్రవారం రాత్రికే ఇల్లు చేరొచ్చు. అందుకని సికింద్రాబాద్‌కు ఖాళీగా తిరిగి వస్తున్న లారీ ఒకటి పట్టుకున్నాను. కిరాయి లెక్క ఓనరుతో, డ్రైవర్లకు ట్రిప్పుకిచ్చే బత్తా లెక్క నాతో. డ్రైవర్లిద్దరిలో యాదగిరిది బన్సీలాల్‌పేట్, నోరు పెద్దది. శామ్యూల్ వాళ్ళది కృష్ణా జిల్లా, పెరిగింది సీతాఫల్‌మండిలో. మాట మెత్తన, పట్టు గట్టిది.

ఆనవాయితీ ప్రకారం ఎవరెంతసేపు నడిపినా చెరి ఎనిమిది వందలు. నాకు కడుపు మండింది. మా నాన్న దుకాణంలో కునుకు తీసిన గుమాస్తాకు టీ కూడా తెప్పించేవాడు కాదు. ఇద్దరికీ కలిపి పన్నెండు వందలే ఇస్తాను, మీటరు చూసి ఎవరు తిప్పిన కిలోమీటర్లకు వారికి వాటా అన్నాను. ఎక్కువ తానే తిప్పుతానని ఇద్దరూ లోపల లెక్కేసుకున్నట్టున్నారు, వెంటనే తలూపారు. అంత తొందరగా కుదిరిన బేరాన్ని అనుమానించాలని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి, ఆ రోజు మాత్రం మురిసిపోయాను. క్లీనరు కూడా వద్దు, ఆ పని నేనే చేస్తానన్నాను. నూటయాభై మిగులు.

బుధవారం పొద్దున ఏడింటికి బయల్దేరాం. అంబాలా దాటాక ఆలూ పరాఠాలు, మనిషికి పన్నెండు రూపాయలు. పానిపట్ దగ్గర శామ్యూల్ వంతు వచ్చింది. యాదగిరి దిగలేదు. ఇంకో పది కిలోమీటర్లన్నాడు, ఆ తర్వాత ఇంకో ఇరవై అన్నాడు. చివరికి స్టీరింగు దొరికిన శామ్యూల్ ఢిల్లీ నుంచి ఒంటేలుకు కూడా ఆగకుండా పట్టుకుపోయాడు. డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో మీటరు అంకెలు రాసే పని నాది. వెనక పడుకున్నవాడు కన్ను మూయడు. మెడ చాపి నా అంకెలు సరిచూస్తాడు.

డబుల్ డ్రైవర్‌లో మంచి లేదనను. చెక్‌పోస్టులో ఒకడు కాగితాలు చూపిస్తుంటే ఒకడు తాళ్ళు బిగిస్తాడు. పంక్చరైతే చకచకా చక్రం మారుతుంది. కానీ ఒకడికి అన్నం కావాలి, ఒకడికి రొట్టె. ఒకడు జరిపిన సీటును ఇంకొకడు తిట్టుకుంటూ వెనక్కి జరుపుతాడు. ఇక క్లీనరుగా నేను చేసిన ఘనకార్యం ఒక్కటే. రివర్సులో బండి పక్కన చేత్తో కొడుతూ ‘రానీ రానీ’ అంటూ ఒక ఢాబా వాడి మంచాన్ని విరగ్గొట్టించబోయాను.

గురువారం మధ్యాహ్నం, నాగ్‌పూర్ ఇంకా చాలా దూరం ఉండగా, సాగర్ అనే ఊరు దాటాక, తిన్న అన్నానికి ఎండ తోడై కళ్ళు మూతపడే వేళ, యాదగిరి తల స్టీరింగు మీదికి వాలడం చూశాను. అరిచేలోపే లారీ రోడ్డు దిగి నల్లరేగడి పొలంలో కూరుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. దిగి, బండిని తోయమన్నాను.

"నిద్రకు పైసలియ్యనంటివి గద సేట్," అన్నాడు యాదగిరి గట్టు మీద కూలబడి. "గిప్పుడు నువ్వే గుంజు. కిలోమీటర్లన్నీ నీయే."

శామ్యూల్ నవ్వలేదు. "అన్న తల వాలడం నేనూ చూశానండి. లేపితే బండి వదలడు, ఇంకాస్త వాలితే తానే నాకిస్తాడు కదా, వాలనీ అనుకున్నా. అలా అనుకున్నందుకే నాకు భయంగా ఉందండి."

దగ్గర్లోని ఢాబాలో మంచాలు తీసుకుని ఇద్దరూ పడిపోయారు. నేను పక్కనే కూర్చుని శనివారం సాయంత్రానికి ఇంకా ఎన్ని గంటలుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. లారీని లాగడానికి ట్రాక్టరు శుక్రవారం మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. బండి రోడ్డెక్కాక కూడా వాళ్ళు తలుపు తీయలేదు. చెరి ఎనిమిది వందలు అని నా నోటితో చెప్పించుకుని, డాష్‌బోర్డు మీది అంకెలు నా చేతే చెరిపించి, అప్పుడు ఎక్కారు.

అక్కడి నుంచి చూడాలి ఆ ప్రయాణం. "అన్నా, జెర నడుం వాల్చు, నాగ్‌పూర్‌ల లేపుత," అన్నాడు యాదగిరి. శామ్యూల్ గుర్రు ఇంజిను మోతను మించింది. నాగ్‌పూర్‌లో తెల్లవారితే కమలాలు తిన్నాం, నిర్మల్ ఘాట్ కునుకులో దాటాను. ఎంత పరుగెత్తినా బోయిన్‌పల్లి చేరేసరికి శనివారం రాత్రి తొమ్మిది.

ఆదివారం పొద్దున మూట భుజాన వేసుకుని సీతాఫల్‌మండి చర్చికి వెళ్ళాను. మెర్సీ టీచర్ కోప్పడలేదు. కోప్పడితే బేరానికి దారి దొరికేది.

"దుప్పట్లు కప్పుకుని పాడామండి," అంది. "సోలో పాడాల్సిన సుజన్నకి గొంతు పట్టేసింది. ఇప్పుడు ధర మీరే చెప్పండి."

జీవితంలో మొదటిసారి, అడగకముందే పదిహేను రూపాయలు తగ్గించాను. ఒక్కోదానికి.

ఇదీ బిల్లు. డ్రైవర్ల బత్తా పదహారు వందలు, ఆనవాయితీ ప్రకారమే, నేను మిగిల్చాననుకున్న నాలుగు వందలతో సహా. ట్రాక్టరుకు రెండు వందల యాభై, ఢాబా మంచాలకూ తిండికీ తొంభై, స్వెట్టర్ల మీద తగ్గించినది ఆరు వందలు. ఎలాగూ ఇవ్వాల్సిన బత్తా వదిలేస్తే, వెరసి తొమ్మిది వందల నలభై దండగ. తిరుగు రైలు టికెట్టూ లగేజీ చార్జీ తప్పించి మిగిల్చినది రెండు వందల డెబ్భై, క్లీనరు కూలి నూటయాభై. అవి తీసేస్తే నష్టం అయిదు వందల ఇరవై. ఆ సాయంత్రం గొంతుకు మంచిదని సుజన్నకు అతిమధురం పొట్లం పంపాను, రెండు రూపాయలు. బేరం చేయలేదు. మొత్తం అయిదు వందల ఇరవై రెండు.