తలకిందులైన నాకాగోమి పేరు

హోసాకా సుమియోకు కోపం తొందరగా రాదు, వచ్చిందంటే పోదు. కోఫు చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. మందు కొట్టే యంత్రం ఆగిపోయినా, చిన్న ట్రక్కుకు గేరు పడకపోయినా తోటల మధ్య రేకుల షెడ్డులో ఉండే సుమియో దగ్గరికే తోలుకొస్తారు. ఆమె బాగుచేస్తుంది, చేస్తున్నంతసేపూ తిడుతుంది. ఆయిల్ మార్చకుండా బండి నడిపినవాణ్ణి వాడి పెళ్లాం ముందే కడిగి ఆరేస్తుంది. సాయంత్రం షట్టరు దింపి, పెద్ద సీసాలోంచి టీ కప్పులోకి వైన్ ఒంపుకుని, గుమ్మడికాయ ముక్కలు వేసి ఉడికించిన హోతో నూడుల్స్ గిన్నె ముందేసుకుని కూర్చుంటుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మొగుడొకడు ఉండేవాడు, ఆ నోటికి తట్టుకోలేక టోక్యో చెక్కేశాడు. అతను పోయినందుకు ఆమెకు పెద్ద దిగులేమీ లేదు. ఆమె కడుపులో మంట వేరే మనిషి మీద ఉంది.

ఆ మనిషి నాకాగోమి. కోఫు ఊరి చివర స్పోర్ట్స్ కార్ల షాపు ఆయనది. వేగం పెంచేవాళ్లు వీధికొకరు దొరుకుతారు, ఆపేవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకునేవాడు. బ్రేకులు మార్చడంలో ఆ షాపుకు అంత పేరు. సుమియో పని నేర్చుకున్నదీ అక్కడే. పడుచుతనంలో చేరింది. సన్నటి చేతులు ఆమెవి, ఎవరి వేళ్లూ దూరని సందులో ఆమె వేళ్లు దూరేవి. కొన్నాళ్లకు కస్టమర్లు కారు అప్పగిస్తూ, బ్రేకులు మాత్రం సుమియోగారి చేత వేయించండి అని అడగడం మొదలుపెట్టారు. ఓనరు నవ్వుతూనే సరేననేవాడు. ఆ నవ్వు పళ్ల వరకే ఉండేది.

షిమురా అని పీచ్ తోటల ఆసామి ఒకాయన కొత్త కారుకు పెద్ద బ్రేకులు పెట్టించుకున్నాడు. సాయంత్రానికి ఇచ్చేస్తానని ఓనరు మాటిచ్చేశాడు, టైము చాల్లేదు. ఎడమ చక్రం సుమియో పట్టుకుంది, కుడి చక్రం ఓనరే చొక్కా చేతులు మడిచి బిగించాడు. మర్నాడు కొండ దిగుతుంటే కుడి చక్రం దగ్గర, బ్రేకు ప్యాడ్లను అదిమే కాలిపర్ తాలూకు బోల్టు ఊడిపోయింది. కారు వెళ్లి రాతిగోడను గుద్దింది. షిమురా బతికాడు గానీ మోకాలు మళ్లీ సరిగా వంగలేదు. ఊడింది కుడి బోల్టని కోఫు లోయంతా తెలుసు. బిగించిందెవరో మాత్రం ఓనరు చెప్పిందే తెలిసింది. సుమియో బిగించింది అన్నాడాయన.

ఆసుపత్రిలో షిమురా మంచం పక్కన ఆమెను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నుదురు నేలకు ఆనించి క్షమాపణ చెప్పించాడు. షాపు యజమానిగా తనూ పక్కనే వంగాడు, ఎంత పెద్దమనిషో అని నర్సులు కూడా అనుకునేలా. సుమియో నోరు విప్పలేదు. ఉప్పు తిన్న షాపు పరువు నలుగురిలో తీయకూడదని ఆమెకు చిన్నప్పట్నుంచీ నేర్పారు. బయటికొచ్చాకైనా ఒక్క మంచిమాట అంటాడని చూసింది. వరండాలో ఆయన గొడుగు విప్పుకుంటూ, రేపట్నుంచి రానక్కర్లేదు అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆడవాళ్ల చేతిలో బలం చాలదు, బ్రేకులు ముట్టనివ్వకూడదు అని ప్రతి షాపులోనూ చెప్పాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు జనం. లోయలో ఒక్కడూ ఆమెకు పనివ్వలేదు.

అప్పట్నుంచి ఆమె చిన్న ట్రక్కులు చూసుకుంటూ బతికింది. బతకడం బాగానే బతికింది. కానీ ప్రతి సాయంత్రం రెండో కప్పు దగ్గర నాకాగోమి గుర్తొచ్చేవాడు. వాడు అందరి ముందూ నవ్వులపాలు కావాలి, అది నా కళ్లతో నేను చూడాలి. ఇంతకంటే పెద్ద కోరిక ఆమెకు లేదు. దేవుడి గుళ్లో చిల్లర వేసి మొక్కుతూ కొట్టిన చప్పట్లు కూడా దానికోసమే. ఇది పాపమో కాదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించను.

ఈ ఏడు ద్రాక్ష కోతలు అయిపోయాక ఒక శుక్రవారం మధ్యాహ్నం తెల్లటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఒకటి తోటల మధ్య నత్తలా పాక్కుంటూ వచ్చింది. షెడ్డు ముందు ఆగడానికి దాని డ్రైవరు పెడల్ టపటపా తొక్కి, చివరికి హ్యాండ్‌బ్రేక్ లాగాడు. దిగింది నాకాగోమి. జుట్టు తెల్లబడింది, నవ్వు మాత్రం అదే. బాగున్నావా సుమియో అని, నిన్న కలిసినట్టు పలకరించాడు. ఆమె చేతిలో పానా ఉంది. ఆ పానాను నెమ్మదిగా బెంచీ మీద పెట్టి, తాకకుండా దూరం జరిగింది.

సంగతేమిటంటే ఆదివారం ఆయన షాపు నలభయ్యో ఏటి పండగ. కొండ కింద రేసు ట్రాక్ మీద పాత కస్టమర్లందరినీ పిలిచాడు. తన సొంత కారుకు కొత్తగా పెద్ద బ్రేకులు వేయించాడు, కాలిపర్లకు ఎర్ర రంగు కొట్టించి, మీద తెల్లటి అక్షరాలతో తన పేరు రాయించాడు. చక్రం సందులోంచి పేరు కనబడాలని ముచ్చట. వేసిన రోజు నుంచీ పెడల్ స్పాంజిలా దిగిపోతోంది. గబగబా తొక్కితే కాస్త గట్టిపడుతుంది, నాలుగు మలుపులు తిరిగేసరికి మళ్లీ నేలకంటుతుంది. ఆయిల్ మార్చారు, గొట్టాలు మార్చారు, మాస్టర్ సిలిండర్ మార్చారు, పొద్దస్తమానం ఆయిల్లో చిక్కిన గాలి తీశారు. ఏదీ పనిచేయలేదు. పైగా మొదటి చుట్టు షిమురాను పక్కన కూర్చోబెట్టుకుంటానని అందరికీ చెప్పుకున్నాడు.

"ఆయనకి ఇంకోసారి అలా జరిగితే నేను తలెత్తుకోలేను," అన్నాడు. వాన పడితే బట్టలు తడుస్తాయన్నంత తేలిగ్గా అన్నాడు ఆ 'అలా జరిగితే'.

వేరే షాపులకి ఎందుకు వెళ్లలేదని సుమియో అడిగింది. వాళ్ల దగ్గరికి వెళ్తే సాయంత్రానికల్లా ఫోన్లలో తిప్పుతారన్నాడు. "నువ్వయితే ఎవరికీ చెప్పవు. నీ గుణం నాకు తెలీదా?"

ఆ మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తను మింగిన మాటను గుణమంటున్నాడు వీడు. కారు ఎత్తి చక్రం విప్పింది. విప్పీ విప్పగానే జబ్బు తెలిసిపోయింది. గాలి తీసే నిపిల్ ఆకాశంవైపు ఉండాలి, అది నేలవైపు చూస్తోంది. గాలెప్పుడూ పైకే పోతుంది, నిపిల్ కింద ఉంటే ఎన్నాళ్లు తీసినా కాలిపర్ పైభాగంలో చిక్కిన గాలి అక్కడే ఉంటుంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేశారు. ఎందుకు వేశారో కూడా ఆమెకు క్షణంలో అర్థమైంది. రంగు కొట్టినవాడు ఏది పైనో ఏది కిందో తెలియక పేరు తిరగేసి రాశాడు. కాలిపర్ సరిగా బిగిస్తే పేరు తలకిందులవుతుంది, పేరు నిటారుగా ఉండాలంటే కాలిపర్ తలకిందులవ్వాలి. ఆ షాపులో పనిచేసే ఏ మనిషి ఓనరు పేరును తలకిందులుగా వేలాడదీస్తాడు? చూసినవాడు చూసే ఉంటాడు. పిల్లి మెడలో గంట ఎవడు కడతాడని నోరు మూసుకుని, పేరు చదవడానికి వీలుగా బిగించి పోయుంటాడు. పైన పటారం, లోన లొటారం.

నవ్వు ఆపుకోవడానికి సుమియో చక్రం చాటుకు తల దించుకోవాల్సొచ్చింది.

విషయం చెప్పింది. నాకాగోమి మొహం కాలిపర్ల రంగుకు తిరిగింది. పేరు చెరిపేయలేమా అని అడిగాడు. కొలిమిలో కాల్చి వేసిన రంగు, రెండ్రోజుల్లో పోదు అంది. మళ్లీ రంగు కొట్టించడానికి టైము లేదు. వేరే దారేదైనా ఉందా అని, జీవితంలో మొదటిసారి ఆమెను బతిమాలినట్టు అడిగాడు.

దారుంది. కాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపిల్ పైకి వచ్చేలా చేత్తో పట్టుకుని గాలి తీసేసి, మళ్లీ అలాగే బిగించేయొచ్చు. పేరు నిటారుగానే ఉంటుంది, ఆదివారం గడిచిపోతుంది. సరైన పద్ధతి కాదు గానీ ఒక్క రోజుకి చాలు. సుమియోకు ఇది తెలుసు.

"లేదండీ," అంది. "మీ పేరు తలకిందులు చేయడమొక్కటే దారి."

 ఆయన తలూపాడు. ఆమె కాలిపర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చి బిగించింది, గొట్టంలోంచి బుడగలు బుసబుసా వచ్చాయి, పెడల్ రాయిలా నిలబడింది. పనిలో మాత్రం వంకపెట్టడానికి వీల్లేదు. ప్రతి బోల్టూ కొలత చూసి బిగించింది. ఆమె పగ ఆ మనిషి మీద గానీ బ్రేకు మీద కాదు.

ఆదివారం పొద్దున్నే రెండు అన్నం ముద్దలు మూటగట్టుకుని ట్రాక్ దగ్గరికెళ్లింది. కంచె పక్కన మంచి చోటు చూసుకుని, సినిమాకొచ్చినట్టు కూర్చుంది. వరసగా కార్లు, గుడారాలు, పాత మొహాలు. షిమురా కర్ర ఊతంతో వచ్చాడు. తెల్ల కారు మధ్యలో నిలబెట్టారు. ఎవరో వంగి చూశారు, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచారు. గుసగుసలు బయల్దేరాయి, ఒకళ్లిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సుమియో ముద్ద కొరికింది. ఇన్నేళ్లలో అంత రుచైన ముద్ద తిన్లేదు.

అప్పుడు నాకాగోమి మైకు అందుకున్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, ఊరికే పోతాడా.

"నా పేరు తలకిందులైందేమిటా అని చూస్తున్నారు కదూ," అన్నాడు. "ఇన్నేళ్లుగా మీరు పెట్టిందే తింటున్నాను. నేనొక్కణ్ణే వంగితే చాలదనిపించింది. అందుకే నా పేరు చేత కూడా మీకు తల వంచి దణ్ణం పెట్టించాను."

చప్పట్లు మోగిపోయాయి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. షాపు మెకానిక్కులు నేల చూపులు చూస్తూ వాళ్లూ కొట్టారు. మైకు చేత్తో పట్టుకునే ఆయన నడుం దాకా వంగాడు, ఆసుపత్రిలో వంగినంత అందంగా. సుమియో కొరకబోయిన ముద్దను తిరిగి మూటలో పెట్టేసింది. తన పగను కూడా ఎత్తుకుపోయి అమ్ముకున్నాడు వాడు. ఆ ఉక్రోషం తట్టుకోలేక లేచింది. ఎటు నడుస్తోందో చూసుకోలేదు, చూసేసరికి కారు పక్కన ఉంది.

షిమురా అప్పటికే హెల్మెట్ పెట్టుకుని, వంగని కాలు ముందు లోపల పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఆమెను చూసి ఆగాడు. నుదురు నేలకానించిన పిల్లను గుర్తుపట్టాడు. ఎంతైనా మర్యాదస్తుడు, ఇప్పుడేం చేస్తున్నారమ్మా అని అడిగాడు.

"మొన్న ఈ బ్రేకులు సరిచేశానండీ," అంది సుమియో. "పేరు దణ్ణమేమీ పెట్టట్లేదు. పేరు నిటారుగా కనబడాలని కాలిపర్లు అటుదిటు ఇటుదటు వేశారు, మొన్నటిదాకా నిపిల్ నేలకేసి ఉంది, సరిగ్గా వేస్తే పేరు తిరగబడింది. చూసుకోండి."

నాకాగోమి నవ్వుతూ మైకులోనే ఏదో అనబోయాడు. ఆలోపే చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చక్రం దగ్గర గొంతుక్కూర్చుంటున్నారు. బ్రేకులు తెలిసినవాళ్లే అందరూ, వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. చూసినవాడు లేచి పక్కకు తప్పుకున్నాడు. షిమురా అందరికంటే ఎక్కువసేపు చూశాడు.

"మరి నా కారుకి?" అన్నాడు.

ఆసుపత్రిలో మింగిన మాట ఇంకా అక్కడే ఉంది. సుమియో దాన్ని కక్కేసింది.

"ఆ రోజు నేను బిగించింది ఎడమ చక్రమండీ."

 నాకాగోమి మైకు ఇంకా పెదాల దగ్గరే ఉంది, ఆయన ఊపిరి స్పీకర్లలోంచి ట్రాక్ అంతా వినబడుతోంది. షిమురా ఆయన మొహంలోకి చూశాడు, అడగాల్సింది అడగకుండానే దొరికినట్టుంది. హెల్మెట్ విప్పి పక్క సీటులో పెట్టి, తలుపు మూశాడు. కర్ర తీసుకుని, కుంటుకుంటూ తన గుడారం వైపు వెళ్లిపోయాడు. జనం ఆయనకు దారిచ్చారు.

సుమియో డ్రైవరు వైపు తలుపు తీసి లోపలికి వంగి, పెడల్‌ను చేత్తో ఒకసారి నొక్కి చూసింది. గట్టిగా ఉంది.

"బ్రేకులు బ్రహ్మాండంగా పడతాయి, భయం లేదు," అంది నాకాగోమితో. "ఒక్కరే ఒక చుట్టు తిరిగి రండి."