సంత గోడ మీద దొంగ రోజు

మా ఊళ్లో సంత గోడ మీద రోజులు రాసే విబియస్ ఒక ఏడు ఫిబ్రవరికి తనంతట తానే ఒక రోజు తగిలించి, ఆ రోజునే పెళ్లి చేసుకున్నాడని అంటారు. రాస్తుండగా కళ్లతో చూసినవాళ్లు లేరు. నేనూ చూడలేదు. కానీ విన్నది నలుగురికీ చెప్పకపోతే నాకు రొట్టె గొంతు దిగదు.

మా కొండ ఊరి నుంచి రోమ్‌కి ఒక పగటి నడక. విబియస్‌కి చదువు రాదు. రోజుల గుర్తులు కాక ఇంకో అక్షరం రాయమంటే చెమటలు పట్టేవి. ఏడాదికోసారి గోడకు సున్నం కొట్టి పండగలు ఎర్రగా, చెడ్డ రోజులు నల్లగా రాసేవాడు. ఆ గోడ చూడందే మా ఊళ్లో కోళ్లు కూడా కూసేవి కావు.

గోడకి ఎదురుగా హెరెన్నియా రొట్టెల కొట్టు. ఇద్దరు మొగుళ్లను సాగనంపిన మనిషి. మొదటివాణ్ణి నెల పుట్టిన మర్నాడు కట్టుకుంది, రెండోవాణ్ణి మే నెలలో. రెండూ పెళ్లికి పనికిరానివే. అందుకే విబియస్ పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా రొట్టెల తెడ్డుతో గోడని చూపించేది.

"మచ్చలేని రోజు ఒక్కటి చూపించవయ్యా, చేసుకుంటాను."

పాపం, వెతికాడు. నల్ల రోజులు పోయాయి. మే పోయింది. పండగలకీ సంతలకీ ఆమెకు పొయ్యి దగ్గర ఊపిరాడదు. మిగిలినవాటిలో మొగుళ్లు పోయిన రోజులు రెండు. తక్కినవి ఆమెకు నచ్చలేదు.

చివరికి ఒకటి దొరికింది. మూడేళ్లకోసారి ఫిబ్రవరి చివర్లో ఒక రోజుని రెండుసార్లు లెక్కపెడతాం. ఆ రెండోదానికి పేరు లేదు, పండగ లేదు, నలుపు లేదు.

"దాని జోలికి ఏ దేవుడూ రాడు," అన్నాడు విబియస్.

ఒక వాయి రొట్టె కాలేంత సేపు ఆలోచించి, "అదైతే సరే," అంది హెరెన్నియా.

రెండేళ్లు ఆగారు. ఆ ఏడు రానే వచ్చింది. పెళ్లి రొట్టెల కింద వెయ్యడానికి హెరెన్నియా ఆకులు కూడా కోసిపెట్టుకుంది. సరిగ్గా అప్పుడే రోమ్ నుంచి కబురు. నాలుగేళ్లకోసారి కలపాల్సిన రోజుని పూజారులు మొదలుపెట్టిన ఏడాదితో సహా లెక్కేసి మూడేళ్లకే కలిపేశారట. వాళ్లనేం అంటాం, మా లెక్కే అంత. ఎనిమిది పగళ్లకొచ్చే సంతని తొమ్మిదో రోజు సంత అంటాం. రోజులు ఎక్కువైపోయాయి కాబట్టి ఇక పన్నెండేళ్లు ఏమీ కలపొద్దన్నారు.

"పన్నెండేళ్లా? అప్పటికి నాకు పళ్లుండవు, నీకు జుట్టుండదు," అంది హెరెన్నియా.

"జుట్టు ఇప్పుడే లేదుగా."

"అయితే ఇంకేం చూసుకుని ఆగను? ఇంతటితో వదిలెయ్, విబియస్." కోసిన ఆకులు పొయ్యిలో పడేసింది.

ఆ మధ్యాహ్నం ఊరంతా తిని గురకపెడుతుంటే గోడ దగ్గర కుంచె చప్పుడైందట. లేచి చూసేసరికి ఆ ఫిబ్రవరి రోజు రెండుసార్లుంది. గోడ మీద ఉన్నాక మాకు వేరే సాక్ష్యం దేనికి? మా పెళ్లిళ్ల ఆచారం ప్రకారం వాల్‌నట్లు విసిరాం, పెళ్లి చేశాం. నేను ఒక్కదాన్నే నలభై రొట్టెలు తిన్నాను.

తరవాతి సంతకి పొరుగూరి వెల్లుల్లి గాడిదలు వచ్చి ఖాళీ మైదానంలో నిలబడ్డాయి.

"సంత ఏదమ్మా?" అన్నాడు గాడిదలవాడు నాతో.

"రేపు. గోడ చూసుకోలేవూ?"

"మీ గోడకి జ్వరమొచ్చిందా ఏంటి?"

ఆ మాట విబియస్ చెవిన పడింది. మర్నాటికల్లా మార్చిలో ఒక రోజు మీద సున్నం పడింది. ఊరు ఆ రోజుని దాటేసి అవతల లేచింది. అది నా పుట్టినరోజు. ఆ ఏడు నాకు వయసు పెరగలేదు, అందుకే ఇలా ఉన్నాను. వెయ్యేళ్ల తరవాత కూడా జనం ఎక్కువైన రోజుని ఫిబ్రవరిలోనే దూరుస్తారు, రాసిపెట్టుకోండి. అంత పొట్టి నెలలో ఎవరూ వెతకరు.

మొన్న కొట్టు దగ్గర విబియస్‌ని నిలదీశాను. "నిజం చెప్పు తాతా, ఆ రోజు నువ్వు రాసిందేగా?"

"ఏ రోజు? నేను రాయలేదు, కొట్టెయ్యలేదు. అలాంటి రోజే లేదు," అన్నాడు విబియస్.

వెనకాల హెరెన్నియా తెడ్డు దించింది. "రోజే లేకపోతే మన పెళ్లి?"

ముసలాయన ఒకసారి గోడకేసి, ఒకసారి తెడ్డుకేసి చూశాడు.

"పెళ్లయింది," అన్నాడు. "రోజే లేదు."